మిగిలింది తీసే ఖర్చు

మా పేపర్లో తప్పు పడిన రోజు ఆయన ఆఫీసుకు వచ్చేవాడు. ఫోన్ చేసేవాడు కాదు. గోదావరిఖనిలో మందుల షాపు పైన మా విలేకరుల గది. మెట్లు నిదానంగా ఎక్కి, గుమ్మంలో ఆగి, మనుషుల్ని చూడకముందే పైకప్పును చూసేవాడు. నాలుగు మూలలూ చూశాకే లోపలికి అడుగు. ముప్పై ఏళ్లకు పైగా భూమి కింద పనిచేసినవాడికి కప్పు మీద ఊరికే నమ్మకం కుదరదు. పెళ్లిలో షామియానా కింద కూడా ఒకసారి తలెత్తి చూస్తాడని ఆయన భార్య చెప్పి నవ్వేది.

కూర్చున్నాక జేబులోంచి మడత పెట్టిన పేపరు ముక్క తీసేవాడు. దాని మీద ఎర్ర పెన్సిల్ గీత ఉండేది. గని లోతు అడుగుల్లో ఉంటే మేం మీటర్లని రాసి ఉంటాం. మందమర్రిలో జరిగింది నస్పూర్‌లో జరిగిందని వేసి ఉంటాం. సవరణ వేయమంటారా అని అడిగితే వద్దనేవాడు.

"మీకెర్క కావాలె గంతే. జనానికి రేపటికి యాదికుండది."

ఆయన పేరు రాయడం లేదు. బాయి మీద, బజార్లో, బ్యాంకు క్యూలో ఎవరికైనా ఆయన సర్వే సారే. భూగర్భ గనిని మా దగ్గర బాయి అంటారు. బాయి లోపల ఎక్కడ ఎంత తవ్వారో కొలిచి నక్ష గీయడం ఆయన ఉద్యోగం. పోయిన నెలలో చనిపోయాడు.

నాకు ఆయనతో దగ్గరితనం ఒక హెడ్డింగు వల్ల వచ్చింది. తమిళనాడు తీరంలో కడుతున్న ఫాస్ట్ రియాక్టర్ మీద ఏజెన్సీ వార్త ఒకటి వచ్చింది. అణు విద్యుత్ కేంద్రాల్లో ఒకసారి మండించి బయటకు తీసిన ఇంధనంలో ఇంకా బోలెడంత శక్తి మిగిలే ఉంటుందని, దాన్ని శుద్ధి చేసి ఈ కొత్త రకం రియాక్టర్లో మళ్లీ వాడవచ్చని దాని సారాంశం. బొగ్గు అయిపోతే ఏమిటన్న మాట మా ఊళ్లో చాయ్ హోటళ్లలో రోజూ నడిచేదే కాబట్టి జిల్లా పేజీలో వేశాం. హెడ్డింగు నాదే. 'వాడి తీసేసిన ఇంధనంతో ఉచిత కరెంటు'.

మర్నాడు పదింటికల్లా ఆయన గుమ్మంలో ఉన్నాడు. 'ఉచిత' కింద రెండు గీతలు ఉన్నాయి.

"ఈ ముచ్చట ఎవరు చెప్పిండ్రు తమ్మీ?"

"ఏజెన్సీ వార్త సార్."

"ఏజెన్సీ వార్తల ఉచితం అని ఉన్నదా?"

లేదని ఒప్పుకున్నాను.

"మిగిలింది ఉన్నదని వాళ్లు రాసిండ్రు. మిగిలింది ఫుకట్‌ల వస్తదని మీరు రాసిండ్రు. రెండూ ఒక్కటే అయితే మా బాయి మూతవడేదే కాదు."

కింద హోటల్ నుంచి చాయ్, ఒక బిస్కెట్ ప్యాకెట్ తెప్పించాను. ఆయన ప్యాకెట్ చించి, మా పేపరు మీదనే బిస్కెట్లను వరసలుగా పేర్చాడు. నిలువు వరసల మధ్య, అడ్డ వరసల మధ్య వేలు పట్టేంత సందు వదిలాడు.

"ఇది బొగ్గు పొర అనుకో. మొదట దిగినప్పుడు గీ సందులే తవ్వుతం. బిస్కెట్లన్నీ పిల్లర్లు. వాటి మీదనే కప్పు నిలవడతది. నాలుగు పాళ్లల్ల ఒక పాలు బొగ్గు పైకొస్తది, మూడు పాళ్లు పిల్లర్లల్లనే ఉంటది. మీ అణు కేంద్రంల ఇంకా తక్వ. తెచ్చిన యురేనియంల నూటికి ఒక పాలు గూడ కాలుతలేదట."

"మరి పిల్లర్లు తీయొచ్చు కదా?"

"తియ్యి."

నేను దగ్గరున్న బిస్కెట్ మీద చెయ్యి వేశాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"గిది తీస్తే అవుతలున్నయన్నీ పోతయి. నువ్వు గూడ పోతవ్. ముందు చివరికి పోవాలె. ఆ కొసకెళ్లి తీసుకుంట వెనక్కి రావాలె. తీసిన జాగల ఇసుక నింపాలె. ఇసుక గోదావరికెళ్లి తేవాలె, నీళ్లతోని కలిపి పైపుల పంపాలె, ఆ నీళ్లను మళ్ల పైకి తోడాలె. కప్పు చప్పుడు విని పక్కకు జరిగే మనిషి కావాలె, గా మనిషికి నేర్పాలె. గింత చేసి తీసిన బొగ్గును, పక్క బాయిల సల్లగ తీసిన బొగ్గును మార్కెట్‌ల ఒక్కటే ధరకు కొంటరు. చెప్పు, ఎవడు తీస్తడు?"

తరువాత చాయ్‌లో ముంచుకుంటూ చివరి వరస నుంచి బిస్కెట్లు తినడం మొదలుపెట్టాడు. గుమ్మం వైపున్న ఒక్కటి నాకు వదిలాడు.

ఆయన ఈ విషయం ఊరికే మాట్లాడలేదు. గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేశాడు. నెట్ సెంటర్‌కు పోయి ఇంగ్లీషు వ్యాసాలు ప్రింట్లు తీయించుకుని, నక్షలు చూసే భూతద్దంతో చదివాడు. చదివినదాన్ని బాయి భాషలోకి మార్చుకుంటే తప్ప నమ్మేవాడు కాదు. కాలిన ఇంధనం చేత్తో ముట్టుకునేది కాదు. ముందు ఏళ్ల తరబడి నీళ్లలో చల్లారాలి. తరువాత మందపాటి గోడల వెనక యంత్రాల చేతులతో దాన్ని విడగొట్టాలి. అందులోంచి వచ్చిన ప్లుటోనియంతో కొత్త ఇంధనం చేయాలి. ఆ రియాక్టర్‌ను చల్లబరచడానికి గాలి తగిలితే మండే, నీళ్లు తగిలితే భగ్గుమనే సోడియం కావాలి. "గిదంతా వాళ్ల ఇసుక," అనేవాడు. బయటి దేశాల్లో కొత్త యురేనియం తక్కువ ధరకు దొరుకుతున్నంత కాలం ఆ ఇసుక ఖర్చు గిట్టుబాటు కాదు. చాలా దేశాలు మొదలుపెట్టి మానుకున్నది అందుకేనని ఆయనకు అర్థమైంది. మన దేశం మానుకోకపోవడం కూడా ఆయనకు వింతగా తోచలేదు.

"పక్క బాయి అగ్గువకు నడిచినన్ని రోజులు పిల్లర్ల దిక్కు ఎవడు చూడడు. పక్క బాయి మనది కాదని యాదికొస్తే చూస్తరు."

ఈ సంగతి మీద ఆయనకంత పట్టు ఎందుకో కొన్నాళ్లకు తెలిసింది. ఆయన సొంత ఊరు రామగుండానికి కొంత దూరంలో ఉండేది. ఉద్యోగం అయిపోయాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఊరి కింది దాకా బాయి తవ్వకాలు వచ్చి ఆగాయి. ఊరి కింద వరసలు వరసలుగా పిల్లర్లు అలాగే ఉన్నాయి. వాటిని తీయకుండా వదలవచ్చని రాసిన కాగితం మీద, ఎక్కడెక్కడ వదిలారో చూపే నక్ష మీద ఆయన సంతకమే ఉంది. ఇప్పుడు అదే బొగ్గు కోసం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గని వస్తుందని మాట పుట్టింది. పైనుంచి తవ్వితే ఇసుక అక్కర్లేదు, కప్పుకు దన్నుగా పెట్టే దిమ్మెలు అక్కర్లేదు. ఊరు లేకపోతే చాలు.

అదే రోజుల్లో ఒక కాలేజీలో అణు ఇంధనం మీద సభ పెట్టారు. వక్త కోస్తా నుంచి వచ్చిన రిటైర్డు శాస్త్రవేత్త. తెల్ల చొక్కా, మెత్తటి మాట. వాడిన ఇంధనాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చి ఇంధన చక్రాన్ని పూర్తి చేయడం ఎలాగో తెర మీద బాణాలతో చూపించాడు. చివర్లో ప్రశ్నలు అడగమన్నారు. సర్వే సారు లేచాడు. ముందు హాలు కప్పు వైపు చూశాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"సార్, నేను బాయిల పనిచేసిన. మిగిలింది తీసుడు నాకెర్క. తీసిన కరెంటు ధరా, మామూలు కరెంటు ధరా ఒక్కటేనా?"

శాస్త్రవేత్త మైకు దగ్గరికి లాక్కున్నాడు. "కాదండీ. ఇవాళ లెక్క వేస్తే మాదే ఎక్కువ పడుతుంది."

"మరి ఎందుకు సార్?"

"ఇవాళ్టి కోసం కాదు కాబట్టి. కొత్త యురేనియం దొరకని రోజున మొదలుపెట్టి నేర్చుకుందామంటే అప్పటికి నేర్పేవాళ్లు ఉండరు. ఒక రియాక్టర్ మండుతూ తన లోపలే తయారుచేసిన కొత్త ఇంధనం చల్లారి, శుద్ధయి, ఇంకో రియాక్టర్‌కు పనికిరావడానికే ఏళ్లు పడుతుంది. నేర్చుకునే ఖర్చు ముందే పెట్టాలి."

"గిది సరైన మాట," అన్నాడు ఈయన. అంతటితో కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు. "ఇంకోటి సార్. మా పిల్లర్ల మీద ఊరున్నది. మీ పిల్లర్ల మీద ఏమున్నది?"

హాల్లో కొందరు నవ్వారు. శాస్త్రవేత్త నవ్వలేదు.

"మీకు ఊరు పైన ఉందండీ. మాకు ముందు ఉంది. తీయకుండా పాతిపెడితే ఎన్నో తరాలు దాన్ని కాపలా కాయాలి. తీస్తే ఆ ఖర్చు ఇప్పటివాళ్ల మీద పడుతుంది. ఎవరి మీద వేయాలన్నది నా చదువులో లేదు."

తిరిగి వచ్చేటప్పుడు సర్వే సారూ నేనూ ఒకే ఆటో ఎక్కాం. దిగేముందు, "మంచి మనిషి. తెల్వనిది తెల్వదన్నడు," అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద పొగడ్త నేను వినలేదు.

ప్రజాభిప్రాయ సేకరణకు తేదీ పడింది. ఓపెన్‌కాస్ట్ గని పెట్టేముందు అధికారులు ఊళ్లో షామియానా వేసి, మైకు పెట్టి, జనం మాట విని రాసుకోవాలి. వారం ముందు నేను ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద ఆయన బామ్మర్ది ఉన్నాడు, భార్యకు తమ్ముడు. మూడెకరాలు పత్తి వేసే రైతు. మాట నడుస్తోంది. నన్ను చూసి కూడా ఆపలేదు.

"బావా, ఆళ్లు ఏది పట్టుకొని వస్తున్నరు? నీ నక్షనే గదా?"

"ఔ."

"గా నక్షల తప్పున్నదని చెప్పు. పిల్లర్లు సగం తీసేసినం, రాయలేదు అను. గంతే. ఆళ్లు మళ్ల బోర్లు వెయ్యాలె, మళ్ల చూడాలె. నాలుగేండ్లు పడతది. నాలుగేండ్లల్ల ఏం మారుతదో ఎవరికెర్క."

"తప్పు లేదు గదరా."

"లేదని నాకూ ఎర్కనే. ఉన్నదని అనుమంటున్న."

లోపలి నుంచి ఆయన భార్య మజ్జిగ గ్లాసులు తెచ్చింది. తమ్ముడికి ముందిచ్చింది. "నక్షను కాపాడుకుంటడు గని ఊరిని కాపాడుకోడు ఈయన. బిడ్డ పెండ్లప్పుడు పందిరి గుంజలు గూడ టేపు వెట్టి కొలిచిండు," అంది.

"కొలిచిన. గాలికి వడ్డదా పందిరి?"

"పడలే. అడ్డం వచ్చిన గుంజకు తల తాకి మా పెద్దమ్మకే బొప్పి గట్టింది."

ముగ్గురూ నవ్వారు. తరువాత బామ్మర్ది గ్లాసు కింద పెట్టి మళ్లీ అందుకున్నాడు.

"బావా, నీకు పోయేదేంది? రిటైరైనవ్. పింఛన్ ఆపుతరా? తప్పు చేసిన అంటే ఇజ్జత్ పోతదా? ఊరు పోతె ఇజ్జత్ ఎక్కడ వెట్టుకుంటవ్?"

ఆయన నాకు చెబుతున్నట్టుగా అతనికి చెప్పాడు. బాయిలో నక్ష తప్పుందని ఒకసారి అంటే, ఆ పొరలో ఆయన గీసిన ప్రతి గీతా అనుమానం కిందికి వస్తుంది. పక్కన నడుస్తున్న ఇంకో బాయికీ, నీళ్లు నిండిన ఈ పాత బాయికీ మధ్య ఎంత మందం గోడ ఉందో చెప్పేది కూడా ఆ నక్షే. అది నమ్మి రోజూ మూడు షిఫ్టుల మనుషులు దిగుతున్నారు.

"ఆళ్లకు ఇది తప్పు, గది సరైంది అని ఎట్ల చెప్పాలె రా?"

బామ్మర్ది లేచి చెప్పులు వేసుకున్నాడు. "ఆళ్లు నీకు ఏమైతరు బావా? మేం ఏమైతం?" అని మాత్రం అడిగి వెళ్లిపోయాడు.

హియరింగ్ రోజున బడి మైదానం నిండింది. మనిషికి మూడు నిమిషాలు. కంపెనీ నక్షను పెద్ద ఫ్లెక్సీ మీద ముద్రించి వేదిక పక్కన కట్టారు. జనం దాని ముందు నిలబడి తమ ఇల్లు ఏ పిల్లర్ మీద ఉందో వెతుక్కుంటూ ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. సర్వే సారు వంతు మధ్యాహ్నం వచ్చింది. ఊరంతా మైకు వైపు తిరిగింది. ఆయన ఏం చెబుతాడో ఊరికి ముందే తెలుసన్నట్టు ఉంది.

"గీ నక్ష నేను గీసిందే. పిల్లర్లు ఉన్నయి. చూపినకాడ చూపినట్టే ఉన్నయి."

వెనక నుంచి ఒక గొంతు, "అమ్ముడువోయిండు," అంది. ఆయన అటు చూడలేదు.

"ఆనాడు తీయకుండ వదిలిపెట్టింది ఊరి మీద ప్రేమతోని కాదు. ఊరు కుంగకుండ తీయాలంటే ఇసుక నింపాలె. ఇసుక పిరమైంది, ఖర్చు ఎక్వ. బొగ్గుకు గంత ధర లేకుండె. అందుకే వదిలిపెట్టినం. ఇయ్యాల ఇసుకతోని పని లేదు, ఊరిని తీస్తే సరిపోతది అంటున్నరు. అంటే ఇసుక కన్నా ఊరు అగ్గువైంది. నా నక్ష తప్పు కాదు. గీ లెక్క తప్పు. గిది రాసుకొండ్రి."

రాసుకున్నారు. నేను పక్క నుంచి చూశాను, అధికారి పెన్ను కదిలింది. ఆడవాళ్ల వైపు కూర్చున్న ఆయన భార్య తల ఎత్తలేదు.

నేను వార్త పూర్తిగానే పంపాను. డెస్కులో జాగా చాలలేదు. మర్నాడు 'పిల్లర్లు ఉన్నాయి: రిటైర్డు సర్వేయర్' అన్న హెడ్డింగు కింద ఆయన మాటల్లో మొదటి రెండు వాక్యాలే వచ్చాయి. ఆ రోజు ఆయన మెట్లెక్కి వస్తాడని సాయంత్రం దాకా చూశాను. రాలేదు. తరువాత కూడా రాలేదు.

గనికి అనుమతి వచ్చింది. ఆయన మాట వల్లే వచ్చిందని ఊరు అంది. ఆయన మాట లేకపోయినా వచ్చేదని కంపెనీలో పనిచేసేవాళ్లు అన్నారు. రెండో మాటను ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. పునరావాస కాలనీలో ఆయనకు ఒక ప్లాటు వచ్చింది. రెండు సందుల అవతల బామ్మర్దికీ వచ్చింది. అక్క ఇంటికి అతను వస్తూనే ఉన్నాడు, బావ ఉన్న గదిలోకి మాత్రం వచ్చేవాడు కాదు. వాకిట్లోనే నిలబడి మాట్లాడి పోయేవాడు. ఈయన లోపలి నుంచి వినేవాడు.

నేను ఆలస్యంగానే వెళ్లాను. కొత్త ఇంటి కప్పు ఒకసారి నేనే చూశాను, అలవాటు అంటుకున్నట్టుంది. మా వార్త సంగతి ఎత్తి తప్పు జరిగిందన్నాను.

"తప్పు లేదు. నేను అన్నదే వేసిండ్రు. అన్నదంతా వెయ్యలే. దానికి ఎర్ర పెన్సిల్ పనిచెయ్యది."

ఫాస్ట్ రియాక్టర్ ఎక్కడి దాకా వచ్చిందని అడిగాడు. ఇంధనం నింపే పని నడుస్తోందని, అనుకున్నదానికన్నా చాలా ఏళ్లు ఆలస్యమైందని చెప్పాను.

"కానియ్యి. అది కుళ్లిపోయేది కాదు. దాచినోడు ఎక్కడ ఎంత దాచిండో సరిగ రాసిపెడితే, ధర వచ్చిననాడు తీస్తరు."

వంటగదిలోంచి భార్య అందుకుంది. "తీస్తరు. ఎందుకు తియ్యరు. మంచిగ గీసిచ్చినవ్ గదా."

ఆయన నా వైపు చూసి, చాయ్ తాగి పొమ్మన్నట్టు తల ఆడించాడు. ఆమె చాయ్ రెండు కప్పులే తెచ్చి, మా ఇద్దరి ముందు పెట్టి మళ్లీ వంటగదిలోకి పోయింది. అది నేను ఆయన్ని ఆఖరుసారి చూడటం.

చావుకు వెళ్లలేకపోయాను, ఊళ్లో లేను. దినాలకు నాలుగు రోజుల ముందు బామ్మర్ది మా ఆఫీసుకు వచ్చాడు. శ్రద్ధాంజలి ప్రకటన వేయాలట, అక్క పంపిందట. ఫోటో తెచ్చాడు. మనిషి నల్లబడ్డాడు, చొక్కా మీద ఎర్రమట్టి ఉంది. భూమి పోయాక ఓపెన్‌కాస్ట్‌లో కాంట్రాక్టర్ దగ్గర దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ట్యాంకర్ నడుపుతున్నాడు. ప్రకటన రాసుకున్నాం. పేరు కింద ఏం వేయమంటారని అడిగితే, "సర్వేయర్ అని వెయ్యండి," అన్నాడు. రిటైర్డు అని వేయాలా అంటే వద్దన్నాడు.

పని అయిపోయినా లేవలేదు. ఫోన్ తీసి, స్క్రీన్ తుడిచి నా ముందు పెట్టాడు. హియరింగ్ రోజు ఫ్లెక్సీ ముందు తీసుకున్న నక్ష ఫోటో.

"పోయిన ఎండకాలం మిషన్లు మా ఊరి జాగకు వచ్చినయన్నా. మట్టి తీసి బొగ్గుల దిగినంక, గోడకు నల్లగ కిటికీలు లెక్క తేలినయి. పాత సందులు అవి. కిటికీకి కిటికీకి నడుమ పిల్లరు. నేను ట్యాంకర్ పక్కకు ఆపి, గీ ఫోన్ పట్టుకొని నిలవడేటోన్ని. ఎన్ని తేలితే అన్ని చూసిన, ఇంట్ల చెప్పలే."

"ఎట్లున్నయి?" అన్నాను.

"ఎక్కడ గీసిండో అక్కడనే ఉన్నయి." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఒక్కటన్న తప్పు ఉంటదేమో అని రోజూ చూసిన."